జీపుకు కట్టిన ముక్కు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను కూర్చోమని ఎవరూ అనేవారు కాదు. అనీ అనీ విసిగిపోయి మానేశారు. అన్నం తింటూ సగంలో లేచి గడప దాకా పోయి, వీధిలో ఏముందో చూసి వచ్చి మళ్ళీ ముద్ద కలిపేదాన్ని. బడిలో పంతులు నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టేవాడు. ఎట్లాగూ లేచిపోయేదే, పోతూ పోతూ నలుగురి పలకలు తొక్కకుండా పోతుందని ఆయన ఆలోచన. నన్ను కన్న పాపానికి మా అవ్వ పొద్దంతా నా వెనక తిరిగి, చివరికి "కాలుగాలిన పిల్లిని కన్ననే తల్లీ" అని నెత్తి కొట్టుకునేది. ఇప్పుడు నాకు మనవలు పుట్టారు, అయినా ఆ గుణం పూర్తిగా పోలేదు. ఒక్కచోట మాత్రం ఆగుతాను. ఆ ఆగడం నాతో పుట్టింది కాదు. పదమూడేళ్ళ వయసులో, ఒక ముసురు రోజున మా తాత నాకు చేసిన మోసం వల్ల వచ్చింది.

మాది ఉట్నూరు. అవి డెబ్బైల చివరి రోజులు. మా బాపు లారీ డ్రైవరు, నెలకో రెండు నెలలకో ఇంటి ముఖం చూసేవాడు. మిగతా రోజుల్లో ఇంటికి పెద్దదిక్కు బాపును కన్న మా తాతే. బస్టాండు అవతల రేకుల కప్పు కింద ఆయనకు గ్యాస్ వెల్డింగ్ షాపు ఉండేది. విరిగిన నాగలి కర్రులు, ఎడ్లబండి పట్టీలు, ఆఫీసు కిటికీల చువ్వలు, అడవి దారుల్లో తిరిగి తిరిగి చీలిపోయిన జీపు మడ్‌గార్డులు, అన్నీ అక్కడికే వచ్చేవి. షాపు మూలన కార్బైడ్ రాళ్ళు నీళ్ళలో ఊరే డ్రమ్ము ఒకటి ఉండేది. దాని గ్యాసు కుళ్ళిన వెల్లుల్లిలా కంపు కొట్టేది. ఆ కంపుకు అవ్వ తాత బట్టలను విడిగా ఉతికేది. నాకు మాత్రం ఆ వాసన వస్తే చాలు, కాళ్ళు అటే లాగేవి.

తాతది ఆ చుట్టుపక్కల పేరున్న చేయి. కానీ ఆ సంవత్సరానికి ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. కోయడం, వంచడం, సుత్తితో సాఫు చేయడం తడిమి తడిమి చేసుకునేవాడు గానీ మంట ముందు కరిగే ఇనుము ఆయనకు తెల్లని మసకగా తప్ప కనిపించేది కాదు. ఆయన దగ్గర పని నేర్చిన మా చిన్నాయన పెళ్ళయ్యాక నిర్మల్‌లో సొంత షాపు పెట్టుకున్నాడు. ఇంట్లో మిగిలింది నేను. ఆడపిల్లకు మంటతో పనేమిటని అవ్వ గొణిగితే, "పొయ్యి కాడ మీరు పెట్టేది మంట కాదా?" అన్నాడు తాత. అట్లా ఆ ఎండాకాలం నుంచి బడి విడిచాక నల్లద్దాలు పెట్టుకుని పనికిరాని రేకు ముక్కల మీద అతుకులు వేయడం నేర్చుకుంటున్నాను.

నేర్చుకుంటున్నానంటే, రేకులు పాడు చేస్తున్నాను. మందపాటి ఇనుము మన తప్పును ఎంతో కొంత ఓర్చుకుంటుంది. పలుచని రేకు ఓర్వదు. మంట ఒక్క రవ్వ ఎక్కువ ఆగితే బొక్క పడుతుంది. తొందరపడి జరిగితే పైన అంటుకున్నట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం విడిగా ఉంటుంది. చేయి మొదటి నుంచి చివరి దాకా ఒకే నడక నడవాలి. నాకు ఏనాడూ ఒకే నడక తెలియదు. అతుకు సగం కాగానే చివర ఎట్లా వస్తుందో చూడాలని మనసు ముందుకు ఉరికేది, దాని వెనకే చేయి ఉరికేది. తాత మంట చప్పుడు విని, అటు తిరగకుండానే "మళ్ళ ఉరికినవ్" అనేవాడు.

ఆ ముందటేడే మా అక్కకు పెళ్ళయింది. అత్తగారి ఊరు వాగు అవతల, అడవిని ఆనుకుని ఉన్న చిన్న పల్లె. పత్తీ జొన్నా పండించుకునే కుటుంబం. ఇంకా నెల రోజులుంది, నిదానంగా పురిటికి తెచ్చుకుందామని అవ్వ ధీమాగా ఉండగానే ముసురు పట్టుకుంది. ఉట్నూరులో కిరాయికి జీపు నడిపే ఒకాయన ఉండేవాడు. తాతకు పాత దోస్తు. మేమందరం చాచా అని పిలిచేవాళ్ళం. వాన పెరగకముందే అక్కను తీసుకొస్తానని బయలుదేరిన చాచా వాగు నడుమ ఆగిపోయాడు. ఇంజను గాలి పీల్చుకునే చోటు బానెట్ కింద ఉంటుంది. అక్కడిదాకా నీళ్ళెక్కాయి. గాలితో పాటు నీళ్ళు మింగి ఇంజను పడిపోయింది. ఎడ్లను కట్టి వెనక్కి లాగించి, విప్పి ఆరబెట్టి, ఆయిలు మార్చి, అష్టకష్టాలు పడి దాన్ని మళ్ళీ బతికించుకున్నాడు.

అది బతికిన మర్నాడే, తెల్లవారగానే మా బావ తడిసిన బట్టలతో మా వాకిట్లో నిలబడ్డాడు. వాగు నడుం లోతున పారుతోందని, ఎడ్లు దిగమని మొరాయించాయని, తాను మోకు పట్టుకుని దాటి వచ్చానని చెప్పాడు. అక్కకు నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. వస్తున్నాయి, పోతున్నాయి. పురుడు పోసే ముసలమ్మ కడుపు పట్టి చూసి, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఇది నా చేతులతో అయ్యేది కాదు, దవాఖానకు కొంచబొమ్మందట. అవ్వ చేతిలోని చాటను కింద పెట్టి గోడకు ఆనుకుంది. ఆ రోజు ఊళ్ళో వాగు దిగడానికి ఒప్పుకున్న బండి చాచా జీపు ఒక్కటే. అది మళ్ళీ నీళ్ళు మింగితే అక్కకు ఇంకో దారి లేదు.

నేను అప్పటికే వాకిలికీ షాపుకూ నడుమ తిరుగుతున్నాను. ఎవరేం మాట్లాడినా నాకు ఆలస్యం చేస్తున్నట్టే అనిపించింది. పెద్దవాళ్ళు ఇంత నింపాదిగా ఎట్లా ఊపిరి పీలుస్తారా అని ఒళ్ళు మండింది. తాత మాత్రం బానెట్ ఎత్తించి, గాలి డబ్బా నోరు ఎక్కడుందో వేళ్ళతో తడిమి చూసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "మనిషి లోతు నీళ్ళల్ల దిగితే ఏం జేస్తడు? ముక్కు పైకెత్తుతడు. దీనికి ముక్కు కిందున్నది. మనం పైకి కట్టాలె."

ఆయన చెప్పింది వినగానే అందరికీ అర్థమైంది. గాలి డబ్బాకు ఒక రేకు గొట్టం తగిలించి, బానెట్ పక్క నుంచి బయటకు తీసి, ముందరి అద్దం పక్కన టాపు ఎత్తు దాకా నిలబెట్టాలి. అప్పుడు కింద నీళ్ళున్నా ఇంజను పైనుంచి గాలి పీల్చుకుంటుంది. తీగలకు సైకిల్ ట్యూబు చుట్టి గ్రీసు పూస్తానని, ఫ్యాను నీళ్ళు చిమ్మకుండా బెల్టు విప్పేస్తానని చాచా అన్నాడు. ఇక మిగిలింది గొట్టం. అది చేయాలంటే పలుచని రేకు, వంపుల దగ్గర ముక్కకు ముక్క అతకాలి. తాతకు కళ్ళు లేవు. అందరి చూపులూ ఒకసారి నా మీదికి వచ్చి, వెంటనే పక్కకు పోయాయి. రేకు ముక్కల్లో నేను పొడిచిన బొక్కలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించాయి.

తాత కర్ర తీసుకుని బస్టాండు వైపు పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చి, "పరేషాన్ గాకుండ్రి. నిర్మల్ బస్సుల చిన్నోనికి కబురు పంపిన. మధ్యాన్నం బస్సుకు దిగుతడు. అసలు గొట్టం వాడు జేస్తడు" అన్నాడు. అవ్వ ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది. చిన్నాయన చేయి పెడితే తిరుగుండదని మా అందరి నమ్మకం. తాత నా వైపు తిరిగి, "నువ్వు గిట్ల ఉరుకులాడే బదులు వాడు వచ్చేదాక ఒక నకలు జెయ్. కొలతలు తెలుస్తయ్, వాని పని జల్దిగైతది" అన్నాడు. నా గుండె మీది బండ దిగిపోయింది. నకలైతే ఎంతసేపు, చిటికెలో చేస్తాను అనుకున్నాను.

ఒక పాత డ్రమ్ము రేకును తాత కత్తిరించాడు. గుండ్రంగా చుట్టడానికి అచ్చు కావాలంటే ఎటూ తోచక, అవ్వ ఇంట్లోంచి జొన్నలు దంచే రోకలి తెచ్చి ఇచ్చింది. మామూలు రోజైతే రోకలిని ఇనుము పనికి వాడితే ఊరుకునే మనిషి కాదు. తాత రేకును రోకలి చుట్టూ పెట్టి, చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ తిప్పుతుంటే అది గొట్టంలా ముడుచుకుంది. వంపుల కోసం పాత పేపరు మడిచి, ఆ కొలత ప్రకారం గొట్టాన్ని ఏటవాలుగా ముక్కలు కోశాడు. రెండు ఏటవాలు ముక్కలను ఎదురెదురుగా తిప్పి కలిపితే మోచేయిలా వంపు వస్తుంది. చూపు లేని మనిషి బొటనవేలితో అంచులు చూసుకుంటూ, ఎక్కడా సందు లేకుండా వాటిని కలిపాడు. చుట్టూ పట్టుకుని కట్టుతీగతో బిగించి నా ముందు పెట్టాడు.

నేను నల్లద్దాలు దించుకున్నాను. మొదట అక్కడక్కడ చుక్క చుక్కగా అతికించి, తర్వాత ఒక చివర నుంచి మొదలుపెట్టాను. మంట కింద ఇనుము ఎర్రబడి, మెరిసి, కందిపప్పంత చుక్క అయింది. ఆ చుక్కలో కడ్డీ ముంచి ముందుకు జరుపుతూ పోయాను. ఎందుకో ఆ రోజు చేయి వణకలేదు. ఇది ఎవరినీ వాగు దాటించే గొట్టం కాదు, చిన్నాయన చూసి పక్కన పారేసేది. చెడిపోతే చెడిపోయిందిలే అనుకున్నానేమో, చేయి దాని పాటికది నడిచింది. తాత "మళ్ళ ఉరికినవ్" అనలేదు. నిలువు అతుకు అయిపోయింది. పై వంపు అయిపోయింది. పూర్తయిన అతుకు మీద నా వేలు పెట్టి చూస్తే చేప వెన్ను మీది పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి వరసగా తగిలాయి. నాకే నమ్మబుద్ధి కాలేదు.

అట్లాగని నేను కుదురుగా కూర్చున్నానని కాదు. అతుకుకూ అతుకుకూ నడుమ లేచి బస్టాండు దాకా పోయి వస్తున్నాను. మబ్బు వైపు చూస్తున్నాను. వాన చినుకు పడితే ఒకటే దడ, ఆగితే ఒకటే అనుమానం. నిర్మల్ బస్సు వచ్చే వేళ దగ్గరపడుతున్నకొద్దీ నా తొందర ఎక్కువైంది. చివరికి కింది వంపు మిగిలింది. జీపు పక్కన అన్నిటికంటే కిందుగా, నీళ్ళకు ముందుగా అందేది ఆ వంపే. పైవైపు, పక్కలు వేశాను. అడుగు వైపు వేయాలంటే కట్టిన తీగ విప్పి, గొట్టాన్ని తిరగేసి, మళ్ళీ కట్టి మొదలుపెట్టాలి. ఈలోపు దూరంగా బస్సు హారను వినపడింది. నకలుకు అంత తిరగేసుడెందుకు అనుకున్నాను. అడుగున రెండు చుక్కలు కరిగించి, మీద నుంచి కడ్డీ ఒకసారి పూసి, మంట ఆర్పి రోడ్డు మీదికి ఉరికాను.

బస్సు ఆగింది. బుట్టలతో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. మేకను ఎత్తుకుని ఒక ముసలాయన దిగాడు. చిన్నాయన దిగలేదు. నేను బస్సెక్కి సీట్ల కింద కూడా చూసి వచ్చాను. కండక్టరు నవ్వాడు. వెనక్కి పరుగెత్తుతూ దూరం నుంచే "తాతా, చిన్నాయన రాలే!" అని అరిచాను. షాపు ముందుకు వచ్చేసరికి నా కాళ్ళు నిలిచిపోయాయి. నేను చేసిన గొట్టాన్ని చాచా అప్పుడే జీపుకు బిగిస్తున్నాడు. కింద గాలి డబ్బాకు లారీ రేడియేటరు రబ్బరు ముక్కతో కలిపాడు. పైన వాన పడకుండా అవ్వ పసుపు డబ్బాకు బొక్కలు పొడిచి బోర్లించాడు. తాత పక్కన నిలబడి గొట్టాన్ని నిమురుతున్నాడు.

"ఎవలు రావాలె బిడ్డా?" అన్నాడు. "నేను ఎవలికీ కబురు పంపలే. బస్టాండు కాడ చాయ్ తాగి వచ్చిన."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం ముంచుకొచ్చింది. ముసలోడా, మా అక్క ప్రాణాన్ని నా చేతిలో పెట్టి నాతోనే అబద్ధం చెప్తావా అని అరవాలనిపించింది. కానీ అప్పటికే చాచా తాళం తిప్పాడు, ఇంజను అందుకుంది. ఏ దగ్గూ లేకుండా, గుడుగుడుమని నిదానంగా తిరిగింది. చాచా చప్పట్లు కొట్టి "శభాష్ బేటా!" అన్నాడు. బావ దుప్పటి సర్దుకుని వెనక సీట్లో ఎక్కేశాడు. అవ్వ కూడా కొంగు నడుముకు చుట్టుకుని ఎక్కబోయింది. నా కోపంలోకి ఎక్కడి నుంచో గర్వం వచ్చి కలిసింది. నేను చేసిన గొట్టం లోంచి జీపు ఊపిరి తీస్తోంది!

"ఆగుండ్రి" అన్నాడు తాత. "ముక్కు మూసి సూద్దాం."

ఆయన చెప్పగా చాచా మడ్‌గార్డు మీదికి ఎక్కి, పసుపు డబ్బా తీసేసి, గొట్టం పైనోటిని అరచేత్తో గట్టిగా మూశాడు. ఇంజను గొంతు కొంచెం మారింది. కొంచెం గునిసింది. కానీ ఆగలేదు. తిరుగుతూనే ఉంది. "ఆగకుంటె మంచిదే గదా తాతా, ఇగ పోదాం" అన్నాడు బావ. ఆయన తొందర ఆయనది. తాత తల అడ్డంగా ఊపాడు. "ముక్కు మూసినంక గూడ బతికున్నదంటె అది ఇంకేడికెల్లో పీలుస్తుంది. గాలి పోయే సందుల నీళ్ళు పోవా?"

అందరూ అతుకుల వైపు చూస్తున్నారు. నేను చూడలేదు. నాకు చూడాల్సిన పని లేదు, అది ఎక్కడో నాకు తెలుసు. తాత బీడీ ముట్టించాడు. పొగను అతుకుల వెంట వదులుతూ పోతే సందున్న చోట పొగ లోపలికి పోతుంది, అక్కడ దొరుకుతుంది అన్నాడు. ఆ బీడీ పై వంపు దాకా రాకముందే నా నోట్లోంచి మాట దూకింది. "కింది వంపుకు అడుగున తాతా. నకలే గదా అని ఇడిసిపెట్టిన." తాత వంగి బీడీని అక్కడ పెట్టాడు. పొగ దారంలా సన్నబడి గొట్టంలోకి పోయింది.

దెబ్బ పడుతుందనుకున్నాను. అవ్వ అయితే కొట్టేదే, చేయి కూడా లేపింది. తాత ఆమెను ఆపి నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏదో లెక్క తప్పిన మనిషిలా ఉన్నాడు. "చెయ్యి వణకొద్దని అబద్ధం జెప్పిన. చెయ్యి వణకలే, మంచిగనే నడిసింది. గని నకలన్నందుకు సగం మనసే పెట్టినవ్. నీదెంత తప్పో నాదీ గంతే" అన్నాడు. తర్వాత "ఇగ నా కాడ ఇంకో అబద్ధం లేదు బిడ్డా. ఇది అసలు" అన్నాడు.

గొట్టం విప్పారు. సన్నగా జల్లు మొదలైతే బావ, చాచా తాడిపత్రి పట్టుకుని నా నెత్తి మీద నిలబడ్డారు. కట్టుతీగ బిగించి అడుగు వైపు పైకి తిప్పి పెట్టాడు తాత. నేను నాజిల్ అందుకున్నాను. మంట వెలిగించడానికే చేయి తడబడింది. పొద్దున ఉన్న చేయి ఎటు పోయిందో! అద్దాల లోపల అక్క ముఖం, వాగు నీళ్ళు, సందులోకి పోయిన బీడీ పొగ, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. అన్నిటికంటే కాళ్ళు. ఎప్పటిలా లేచి పారిపోవాలని పాదాలు నేలను తంతున్నాయి. తాత నా ముందు నేల మీద గొంతుక్కూర్చుని, తన అరచేయి నా పాదం మీద పెట్టాడు. నొక్కలేదు. ఊరికే పెట్టి ఉంచాడు. గరుకు చేయి, వెచ్చగా ఉంది.

ఆ వెచ్చదనం తెలుస్తుండగా మొదలుపెట్టాను. కందిపప్పంత చుక్క కరిగింది. దాని తర్వాత ఇంకోటి. మనసు చివరికి ఉరకాలని చూసినప్పుడల్లా పాదం మీది చేయి గుర్తుకొచ్చి మళ్ళీ చుక్క దగ్గరికే వచ్చింది. అతుకు అందంగా రాలేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. వంకర పోయింది, ఒకచోట ఉబ్బింది, ఒకచోట చిల్లు పడబోతే కడ్డీ ఎక్కువ కరిగించి పూడ్చాను. కానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా గింజంత చోటు కూడా వదల్లేదు. మంట ఆర్పి అద్దాలు తీసేసరికి చెమటా వాననీళ్ళూ కలిసి ముఖమంతా తడిసిపోయింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బహుశా నేను పుట్టాక అంతసేపు ఒకచోట ఉండటం అదే మొదలు.

మళ్ళీ బిగించారు. మళ్ళీ ఇంజను అందుకుంది. ఈసారి తాత చాచాను కాక నన్ను మడ్‌గార్డు ఎక్కమన్నాడు. కుడి అరచేయి గొట్టం నోటి మీద పెట్టాను. లోపలి నుంచి ఎవరో నా చేతిని పట్టుకుని గుంజినట్టయింది. అరచేతి తోలు చల్లగా లోపలికి పోయింది. జీపంతా ఒక్కసారి ఒణికింది. రెండు సార్లు దగ్గింది. ఆగిపోయింది.

తాడిపత్రి మీద చినుకుల చప్పుడు వినిపించింది. తర్వాత తాత "ఆఁ!" అని గట్టిగా ఊపిరి వదిలాడు, చాచా నవ్వాడు, అవ్వ ఏడ్చింది. బండి ఆగిపోతే సంతోషించిన మనుషులను నేను అప్పుడే చూశాను. మరుక్షణం చాచా మళ్ళీ తాళం తిప్పాడు. అవ్వనూ బావనూ ఎక్కించుకుని జీపు వాగు దారి పట్టింది. నేనూ వస్తానంటే చాచా ఒప్పుకోలేదు, "వచ్చేటప్పుడు అక్కను పండబెట్టాలె గదా బేటా, జాగేది?" అన్నాడు.

ఎదురుచూడటం ఎంత కష్టమో నాలాంటి వాళ్ళకు తెలుస్తుంది. మిగిలిన పగలంతా నేను షాపు గడప మీద కూర్చున్నాను. లేచి పరుగెత్తితే ఏదో చెడిపోతుందని భయం. బీడీ మీద బీడీ ముట్టిస్తూ ఈసారి తాతే అటూ ఇటూ తిరిగాడు. "వంకర పోయిన అతుకు ఆగుతదా తాతా?" అని అడిగితే, "మూసుకున్నదా లేదా అనేదే దాని లెక్క, సక్కదనం నీళ్ళకెందుకు?" అన్నాడు. అన్నాడే గానీ చెవి రోడ్డు వైపే ఉంది.

దీపాలు పెట్టే వేళకు హారను వినపడింది. జీపు మా షాపు ముందు ఆగకుండా నేరుగా దవాఖాన వైపు పోయింది. వెనక అవ్వ ఒడిలో అక్క తల ఒక్క క్షణం కనిపించింది. తాత నా భుజం పట్టుకున్నాడు, ఇద్దరం వెనకే పోయాం. మేము చేరేసరికి అక్కను లోపలికి తీసుకుపోయారు. చాచా నడుం దాకా తడిసి మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళు పొద్దుటి కంటే పెరిగాయని, వచ్చేటప్పుడు నడుమ ఒకచోట చక్రం గుంతలో దిగిందని, బానెట్ మీదికి నీళ్ళొచ్చాయని చెప్పాడు. "అల్లా దయ, ఇంజను ఒక్క దగ్గు దగ్గలే" అన్నాడు.

తాత ఆ మాటలు వింటూనే జీపు దగ్గరికి పోయి గొట్టాన్ని కింది నుంచి పైకి తడమడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్ళు కింది వంపు దగ్గర నా వంకర అతుకును దాటాయి. ఇంకా పైకి పోయాయి. ఒకచోట ఆగాయి. "గీడిదాక ఇసుక తగులుతుంది సూడు" అన్నాడు. నేను చూశాను. గొట్టం మీద బురద గీత ఉంది, దానికి అంటుకుని ఒక గడ్డిపోచ. ఆ గీత నేను మధ్యాహ్నం వదిలేసిన చోటికి జానెడు పైన ఉంది. నేను అక్కడే చక్రం పక్కన తడినేల మీద కూలబడ్డాను. తాత నన్ను లేపలేదు.

తెల్లవారేసరికి అక్కకు ఆడపిల్ల పుట్టింది, ఎదురుకాళ్ళతోనే. ఎదురుకాళ్ళతో పుట్టిన వాళ్ళు తొక్కితే నడుము పట్టు పోతుందంటారు కదా, ఆ పిల్ల నడక నేర్చిన దగ్గర నుంచి వీధిలో నడుము పట్టిన ప్రతివాళ్ళూ దాని కోసం వచ్చేవారు. మా తాత అయితే నడుము నొప్పి లేకపోయినా బోర్లా పడుకుని తొక్కించుకునేవాడు. తర్వాత చిన్నాయన పండక్కి వచ్చినప్పుడు జీపు గొట్టం చూసి, పైనున్న అతుకులను మెచ్చుకుని, కింది దాన్ని చూపించి "గిదెవలు పాడు జేసిండ్లు?" అని నవ్వాడు. తాత, నేను ఒకరి వైపు ఒకరం తిరిగాం. అందంగా ఉన్నవన్నీ నకలనుకుని వేసినవి. ఆ ఒక్కటే అసలు అని తెలిసి వేసింది.

నాకు జమ్మికుంటలో సంబంధం కుదిరింది. పత్తి వ్యాపారం చేసే ఇంట్లో ఎవరికి కావాలి గ్యాస్ వెల్డింగ్? నల్లద్దాలు తాత షాపులోనే ఉండిపోయాయి. తాత పోయి చాలా ఏళ్ళయింది. నా తొందర మాత్రం నాతోనే వచ్చింది. వంట చేస్తూ మిద్దె ఎక్కుతాను, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ సగంలో దిగుతాను. మనవరాలు "అమ్మమ్మా, ఒక్క నిమిషం కూర్చో" అని కొంగు పట్టి లాగుతుంది.

కానీ కుట్టే రవిక గానీ, పెట్టే పచ్చడి గానీ, ఒకరికి ఇచ్చిన మాట గానీ, ఇక అయిపోయింది, చాలులే అని లేవబోతున్నప్పుడు నా కుడి అరచేయి చల్లబడుతుంది. లోపలి నుంచి ఎవరో గుంజినట్టవుతుంది. ఎక్కడో అడుగున నేను తిరగేసి చూడని చోటు ఒకటి ఉందేమోనని అనిపిస్తుంది. పాదం మీద ఆ గరుకు చేయి ఇంకా ఉన్నట్టే ఉంటుంది. మళ్ళీ కూర్చుంటాను.